నాయన బొటనవేలు

నాయన జీవితమంతా పలకల ఫ్యాక్టరీలో రాయి నునుపు చేశాడు. రాయితో పాటు ఆయన వేళ్ళ మీది గీతలూ అరిగిపోయాయి. ఆఫీసులో వేలిముద్ర వేసే పనుంటే, అది సరిగా పడాలని ఆ పనివాళ్ళంతా రెండు రోజుల ముందు నుంచే బొటనవేలికి ఆముదం పట్టిస్తారు. నాయనా పట్టించాడు.

పింఛను ఎందుకు ఆగిందో అడగడానికి నేను దొనకొండ నుంచి పని మానుకుని వచ్చి, ఆయన్ను వార్డు ఆఫీసుకు తీసుకెళ్ళడం అది నాలుగోసారి. మూడుసార్లూ సర్వర్ లేదన్నారు. ఈసారి కంప్యూటరు ముందున్న అమ్మాయి, "తాత చనిపోయినట్టు ఉందన్నా," అంది. తాత ఆమె ఎదురుగానే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"అట్ల ఎవరు రాసినారో, ఎప్పుడు రాసినారో మాకు చూపించమ్మా," అన్నాను.

"ఆయన వివరాలు ఆయనకే చూపియ్యాలన్నా. మార్చాలన్నా అంతే. ముందు తాత వేలిముద్ర పడాల."

నాయన వేలు పెట్టాడు. ఎన్నిసార్లు నొక్కినా మిషను ఎర్రలైటే చూపించింది. నాకు ఒళ్ళు మండింది.

"చనిపోయినాడని రాసేటప్పుడు ఎవరి వేలిముద్ర తీసుకున్నారమ్మా?"

ఆమె తల దించుకుంది. "దానికి అక్కర్లేదన్నా."

నాయన మాత్రం వేలిని పంచెకు తుడుచుకుని, మళ్ళీ మిషను మీద పెట్టాడు.