చెత్తగుట్ట మీద వనభోజనం

మా కింది వాటా ఆంటీ పోయారని మొన్న పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయారట. "మీరంటే మమ్మీకి చాలా ఇష్టం ఆంటీ" అంది ఆ పిల్ల.

2009లో మేం అమెరికాలో, షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. కొత్తగా పెళ్లై వచ్చిన నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు. మా ఆయన రైలెక్కి షికాగో వెళ్లిపోతే సాయంత్రం దాకా నాకు గోడలే దిక్కు. ఊపిరాడేది కాదు. ఇండియాకి టికెట్ బుక్ చేయమని అడగాలని రోజూ అనుకునేదాన్ని, మా ఆయన మొహం చూసి ఊరుకునేదాన్ని.

నేను బతికి బట్టకట్టింది ఆంటీ వల్లే. ఆవిడ చీపురుకర్రతో తన సీలింగ్ మీద రెండుసార్లు తట్టేవారు. టీ అయిందని అర్థం. ఆవిడకీ డ్రైవింగ్ రాదు. "మనం కాళ్లున్న కుర్చీలమే అమ్మాయ్, ఎవరో ఒకరు జరపాలి" అని నవ్వేవారు.

ఆ ఏడు కార్తీకం చివర్లో వనభోజనానికి పద అన్నారు.

"ఈ చలిలోనా? ఉసిరిచెట్టు ఎక్కణ్ణించి తెస్తారాంటీ?"

"చెట్టు లేకపోతే పచ్చడుంది. పద."

బల్లపరుపుగా ఉండే ఆ చుట్టుపక్కల ఉన్నది ఒక్కటే గుట్ట. అదీ పాత చెత్తపోగు మీద మట్టి కప్పి, గడ్డి పెంచి చేసింది. అంకుల్ ఆఫీస్‌కి వెళ్తూ మమ్మల్ని అక్కడ దింపి, సాయంత్రం వస్తానన్నారు. చీరల మీద మొగుళ్ల చలికోట్లు తొడుక్కుని పైకెక్కాం. క్యారియర్ తెరిస్తే పులిహోర రాయై కూర్చుంది. ఉసిరి పచ్చడి నంజుకుంటూ దాన్నే కొరుక్కుతిన్నాం.

అంతలో సన్నటి వాన మొదలైంది. పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది. దారి అద్దమైపోయింది. రెండడుగులు వేసి పడ్డాను. అంకుల్ ఫోన్ ఎత్తలేదు. చుట్టూ ఒక్క మనిషి లేడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను ఇండియా వెళ్లిపోతానాంటీ. ఇంట్లో ఉండలేను, బయటికొస్తే కదల్లేను. ఇదేం బతుకు!"

ఆవిడ తన పైటకొంగుతోనే నా మొహం తుడిచారు. "వెళ్దువుగానిలేమ్మా. ముందు ఈ గుట్ట దిగాలిగా."

దారి పక్కన గడ్డివాలు మీద చతికిలబడి, కుచ్చిళ్లు కాళ్ల మధ్య దోపుకున్నారు.

"ఆంటీ, నడుం విరుగుతుంది!"

"నడిచే దారి లేనప్పుడు జారడానికి నామోషీ ఏంటే?" అని, "హరహర మహాదేవా!" అంటూ జారిపోయారు.

ఆ తర్వాత ఎన్నడూ నేను టికెట్ మాట ఇంట్లో ఎత్తనే లేదు. అమెరికా నచ్చి కాదు. దిగడమంటే ఏమిటో ఆ రోజు చూశాను, అంతే.

ఆవిడ దిగువన ఆగి, కాసేపు కదల్లేదు. పిలిచినా పలకలేదు. తర్వాత మెల్లగా లేచి, చీర దులుపుకుని, నా వైపు తిరిగి రెండు చేతులూ చాచారు.

"ఏం కాదు, రా! నేను పట్టుకుంటాగా!"

పైన నేనొక్కదాన్నే మిగిలాను. కుచ్చిళ్లు దోపుకుని, వాలు అంచున కూర్చున్నాను.