నేను దిద్దిన ప్రార్థన

2021 ఏప్రిల్ 20, మంగళవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు నా తమ్ముణ్ణి సూరత్‌లో మట్టి చేశాము. సమాధుల తోట గేటు దగ్గర పుస్తకంలో రాసుకునే ముసలాయన టైమెంత అని అడిగితే, చేతి గడియారం చూసి చెప్పింది నేనే. సమాధి దగ్గర ప్రార్థన మాత్రం జరగవలసినట్టు జరగలేదు. ఎందుకు జరగలేదో చెప్పాలంటే, తప్పు నాదని ముందే ఒప్పుకోవాలి.

మాది కరీంనగర్ దిక్కు. ఇరవై ఏళ్ల వయసులో నేను సూరత్ వచ్చి సాంచెల మీద పడ్డాను. మరమగ్గాలను మా వాళ్లు సాంచెలంటారు. నా వెనక తమ్ముడొచ్చాడు. వాడు ఐదో తరగతి దాకా చదివాడు, నేను బడి గడప తొక్కలేదు. నాకు యాభై రెండేళ్లు వచ్చాక అక్షరాలు నేర్పింది వాడే. రొట్టె తినే వేళ, ఆపి ఉన్న సాంచె ఇనుప చట్రం మీద సుద్దముక్కతో రాసి చూపేవాడు.

“ఇంకెన్ని దినాలు బొటనేలు నల్లగ చేస్కుంటవ్ అన్నా? రాయి.”

రాసేవాణ్ణి.

“గది ‘క’ గాదు, పాము సచ్చి పడ్డట్టున్నది. మల్ల రాయి.”

నాకు చదువు కావలసింది సంతకానికి కాదు. మా ఇంట్లో అందరికంటే ముందు ప్రభువును నమ్ముకున్నవాణ్ణి నేను. అయినా వాక్యం ఎవరో చదివితే వినడమే తప్ప నా అంతట నేను చూసుకున్నది లేదు. సూరత్ అంచున ఉన్ అనే పేటలో చీరలు మడతపెట్టే దుకాణం పైన ఒక అద్దె గది, అదే మా మందిరం. పదిహేను కుటుంబాలు వచ్చేవి. నాకు కూడబలుక్కోవడం వచ్చాక మా పాస్టరు అయ్యగారు పత్రికలు చదవమన్నారు, అంటే అపొస్తలులు సంఘాలకు రాసిన ఉత్తరాలు. “చిన్నచిన్నయి పెద్దన్నా, నీకు అల్కగ ఉంటయి” అన్నారు. అల్కగా ఏమీ లేవు. రోజుకు ఒక పుట, వేలు పెట్టి చదివేవాణ్ణి. ఏళ్ల తరబడి వాటినే తిరగేసి మరగేసి చదివాను. కృప అంటే ఏమిటో, రక్షణ అంటే ఏమిటో, ప్రార్థనలో ఏది అడగవచ్చో ఏది అడగరాదో అక్కడే నేర్చుకున్నాను. రాజుల కథలున్న పాత పుస్తకాలు లావుగా ఉంటాయి. వాటి జోలికి పోలేదు.

నన్ను సంఘ పెద్దను చేశాక తప్పులు పట్టడం నా పని అయింది. సాంచె నేర్పిన బుద్ధి అది. అడ్డంగా పోయే పేక తెగితే సాంచె దానంతట అదే ఆగుతుంది. నిలువుగా ఉండే పడుగులో పోగు తెగితే ఆగదు, తప్పు నేస్తూనే పోతుంది. మనిషే కన్నేసి ఉండాలి. ఆరాధన కూడా అంతేననుకున్నాను. పాట ఎంత జోరుగా సాగినా, కళ్లనీళ్లు ఎన్ని కారినా, బోధలో పోగు తెగితే ఎవరో ఒకరు చూడాలి గదా. ఆ ఎవరో నేనే అనుకున్నాను.

నా కంటికి ఎక్కువ తప్పులు దొరికేది తమ్ముడి భార్య ప్రార్థనలో. నా మరదలికి చదువు రాదు. ప్రభువుతో మాట్లాడితే పక్కింటి పెద్దమనిషితో మాట్లాడినట్టుండేది. నల్లా నీళ్లు రాకపోయినా చెప్పేది, మోకాలి నొప్పీ చెప్పేది, నువ్వు ఇది ఇయ్యి నేను అది చేస్తా అనేది. ఆమె నోరు తెరిస్తే ఆడవాళ్లు కొంగు కళ్లకద్దుకునేవాళ్లు. నేను మొహం చిట్లించేవాణ్ణి. తమ్ముడు మెట్లు దిగేటప్పుడు ఆమెను ఆటపట్టించేవాడు.

“నువ్వు జేసేది ప్రార్థన గాదే. చీరెల మార్కెట్ల బేరం.”

“బేరమాడితెనే ఇస్తడు. నీ లెక్క మూతి ముడ్సుకుంట కూసుంటె ఏమిస్తడు?”

“నన్నిచ్చిండు గద. ఇంకేం గావాలె?”

“అండ్లనే మోసపోయిన.”

వెనక దిగేవాళ్లంతా నవ్వేవాళ్లు. అబద్ధమెందుకు, నాకూ నవ్వు వచ్చేది. పెద్దరికం అడ్డమొచ్చి నవ్వలేదు.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగాయి, మందిరానికి తాళం పడింది. అయ్యగారు ఊరికి పోయి అక్కడే ఉండిపోయారు. సంఘం నా మీద పడింది. అమ్రోలిలో ఉండే మా సంఘం కోడలు ఒకామె ఆదివారం పొద్దున అందరి ఫోన్లూ కలిపేది. ఒకరింట్లో కుక్కరు కూత, ఒకరింట్లో పిల్లల లొల్లి, మధ్యలో నా వాక్యం. ఆ రోజుల్లోనే ఎవరో బోధకుడు మా వాళ్లకు ఫోన్లో తగిలాడు. విశ్వాసం ఉన్నవాళ్లకు ఈ రోగం అంటదని, నూనె రాసుకొని అందరూ ఒక్కచోట కూడి చప్పట్లు కొట్టి పాడమని చెప్పాడు. నాలుగైదు కుటుంబాలు బయలుదేరబోయాయి. పోతే మళ్లీ మన మెట్లెక్కొద్దని మొహం మీదనే చెప్పాను. తిట్టుకున్నారు, కానీ ఆగారు. అట్లా కూడినచోట జబ్బు ఇంటింటికీ పాకింది. అందుకే, మనసు ఉంటే చాలు బోధ ఎందుకు అనేవాళ్లతో నేను ఇప్పటికీ ఒప్పుకోను. బోధ మమ్మల్ని బతికించింది. కానీ ఆ ఒక్కసారి నా మాట నెగ్గడంతో నాకు పొగరెక్కింది.

మరుసటేడు ఏప్రిల్‌లో తమ్ముడికి జ్వరం వచ్చింది. నాలుగో రోజు ఊపిరి అందక దవాఖానలో చేర్చాము. మమ్మల్ని లోపలికి రానియ్యలేదు. మరదలు ఇంట్లో ఒక్కతే. వాళ్లకు ఉన్నది ఒక్క బిడ్డ. ఊళ్లో ఇచ్చారు, నిండు నెలలతో ఉంది, రాలేదు. నా ఇల్లు రెండు గల్లీల అవతల. జబ్బు తగిలిన ఇల్లు కనుక మరదలు బయటికి రాకూడదు, నేను లోపలికి పోకూడదు. అన్నం గిన్నె గడప మీద పెట్టి దూరం జరిగేవాణ్ణి. ఆమె తీసుకొని, “ఫోనొచ్చిందా బావా” అనేది. రాలేదనేవాణ్ణి.

ఆదివారం, పద్దెనిమిదో తారీఖు, ఎప్పటిలాగే ఫోన్లు కలిశాయి. పాట అయింది. ప్రార్థన ఎవరు చేస్తారంటే, నేను చేస్తానంది మరదలు.

“అయ్యా, ఆయన్ని తోల్కపోకు. నీకు ఒగ మనిషి గావాల్నంటె నన్ను తీస్కపో. ఆయన లేకుంటె నేనేం జేస్త ఈడ? నాకు బస్సు మీద రాసింది గూడ తెల్వది. ఆయన్ని ఉంచు, నన్ను తీస్కపో. ఇయ్యాల్నే తీస్కపో. నేను తయ్యారుగున్న.”

ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. నా చెవికి తెగిన పోగు తగిలింది.

“ఆగు. ఆగమ్మా,” అన్నాను. “గట్ల అడగొద్దు. ఒగరికి బదులు ఒగరు పోవుడు లేదు. ఆ పని ప్రభువు ఒక్కడే జేసిండు, అయిపోయింది. ఇసొంటి ప్రార్థన వాక్యంల లేదు. నీ చిత్తం జరగనియ్యి అను, సాలు.”

ఎవరింట్లోనో తిరిగే ఫ్యాను మాత్రం వినపడుతోంది.

“నీ చిత్తం జరగనియ్యి,” అంది ఆమె, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

అంతా ఆమెన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు దవాఖాన నుంచి ఫోను వచ్చింది. తమ్ముడు పోయాడన్నారు. నేను పోయి మరదలి గడప బయట నిలబడి చెప్పాను. ఆమె ఏడవలేదు. తలుపు పట్టుకొని నన్నే చూసింది.

“నేను అన్నందుకేనా బావా?”

“ఏమన్నవ్?”

“నిన్న నువ్వు అనమన్న మాట. తోల్కపోకు తోల్కపోకు అన్నన్ని దినాలు ఆగిండు. సరే నీ ఇష్టం అన్న. తోల్కపొయ్యిండు.”

“గట్ల గాదమ్మా. దేవుడు మన మాట కోసం కాసుకోని కూసుంటడా?”

“మొండిగ పట్టుకుంటె ఆగేటోడేమో. నేనే ఇడ్సిపెట్టిన.”

నాకు తెలిసిన వాక్యాలన్నీ చెప్పాను. ఒక్కటీ తప్పు కాదు, ఒక్కటీ ఆమెకు ఆనలేదు. తన నోటితోనే తన మనిషిని అప్పగించానని ఆమె నమ్మింది. ఆ మాట ఆమె నోట్లో పెట్టింది నేను.

పరీక్షలో ఆమెకు ఏమీ లేదని తేలడంతో మంగళవారం తోటకు రానిచ్చారు. ఇంటివాళ్లలో ఇద్దరికి మించి రావద్దన్నారు. తమ్ముణ్ణి తెల్ల సంచిలో చుట్టి తెచ్చారు. మొహం చూపలేదు. నేను ఆరాధన క్రమం పుస్తకం తీసి సమాధి దగ్గర చదవవలసినదంతా చదివాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. వాడు నేర్పిన అక్షరాలతోనే వాణ్ణి సాగనంపుతున్నానని కూడా అప్పుడు తోచలేదు. దృష్టంతా తప్పు పోకూడదనే.

చదవడం అయ్యాక పుస్తకం మూసి నిలబడ్డాను. వాణ్ణి గురించి ఒక్క మాట ఎవరూ దేవుడికి చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను చదివింది ఎవరికైనా సరిపోతుంది. ఈ పోయినవాడు ఎట్లాంటివాడో, ఎట్లా నవ్వేవాడో, ఎవరికి ఏమయ్యేవాడో అందులో లేదు. అది చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

“ప్రార్థన చెయ్యమ్మా,” అన్నాను.

“నువ్వు సదివినవ్ గద బావా. మంచిగనే ఉన్నది.”

“నీకొచ్చినట్టు చెయ్యి. నేనేమనను.”

“వద్దు.”

“దేవుణ్ణి తిట్టు. నన్ను తిట్టు. ఏదన్న ఒగటి అను. ఉత్తగ పంపియ్యకు వాన్ని.”

“నా నోరు మంచిది గాదు,” అని తల దించుకుంది.

సాంచెల చప్పుడులో బతికినవాళ్లం మేము మాటను చెవులతో కాదు, పెదవులు చూసి పట్టుకుంటాం. కార్ఖానాలో నలభై ఏళ్లు అట్లానే మాట్లాడుకున్నాం. ఆమె కూడా ఆ చప్పుడులోనే కండెలు చుట్టిన మనిషి, పెదవులతోనే మాట్లాడుతుంది. ఆ రోజు ఆమె మొహానికి మాస్కు ఉంది. ఆ గుడ్డ ఒకటి రెండుసార్లు అదిరింది. గాలికో, ఊపిరికో, మాటకో తెలియలేదు. ఇన్నేళ్లు ఆమె ప్రతి మాటనూ సరిచూసినవాణ్ణి, ఒక్క మాట ఉంటే చాలునని ఆ గుడ్డ వంక చూస్తూ నిలబడ్డాను. గొయ్యి తవ్వినాయన కాసేపు చూసి పార అందుకున్నాడు. “తొందరగా కానియ్యి కాకా, ఇంకో బండి వస్తోంది” అని హిందీలో అన్నాడు. మన్ను వేశాము.

వానలు పట్టాక నాకు పత్రికలు చదవబుద్ధి కాలేదు. ఎన్నడూ తెరవని రాజుల పుస్తకాలు తెరిచాను. రెండు నెలలు కూడబలుక్కుంటే ఒక చోటికి వచ్చాను. ఒక రాజుకు కొడుకు చచ్చాడని కబురొస్తుంది. ఆ రాజు గది మెట్లెక్కుతూ, నీకు బదులు నేను చచ్చినా బాగుండేదని ఏడుస్తాడు. దేవుడు ఆయన్ని ఆగు అనలేదు. ఆ ఏడుపేమిటని మందలించింది సేనాధిపతి. ఆ కొడుకును చంపింది కూడా ఆ సేనాధిపతే. అక్కడ వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

మరదలు అడిగింది వాక్యంలో ఉంది. ఆ పుటలు చదవకుండానే నేను లేదన్నాను. ఒకరికి బదులు ఒకరు పోలేరన్న బోధ నిజమే, ఆ రాజూ పోలేదు. కానీ అడగడమే తప్పని, ఏడవడమే తప్పని ఆ పుస్తకం అనలేదు. నేను అన్నాను. చెప్పవలసిన మాట ఒకటి ఉంటే దానికి వేళ కూడా ఒకటి ఉంటుంది. వాడు ఊపిరాడక పడి ఉన్న పొద్దు అది వేళ కాదు. ఆ పొద్దు ఆమెతో కలిసి ఏడవడమే పెద్దరికం. బోధ ఎక్కడికీ పోయేది కాదు, తర్వాత చెప్పుకోవచ్చు.

పుస్తకం పట్టుకొని పోయి ఆమెకు చదివి వినిపించాను. చీరల మీది దారాలు కత్తిరిస్తూ చివరిదాకా విన్నది.

“ఆ రాజు కొడుకు లేసిండా?”

“లేదు.”

“మరెందుకు సదివినవ్ బావా?”

“నీ ప్రార్థన తప్పు గాదని. తప్పు నాదని.”

కత్తెర పక్కన పెట్టింది. “ఆ దినం చెప్తె అయిపోవు గద,” అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మందిరం తెరిచి చాలా రోజులైంది. ఆమె ప్రతి ఆదివారం వస్తుంది, వెనక గోడకు ఆనుకొని కూర్చుంటుంది, నోరు తెరవదు. చేయమని ఎన్నిసార్లు అడిగానో. ఇప్పుడు మా ప్రార్థనలు తప్పుల్లేకుండా జరుగుతున్నాయి. ఎవరూ కొంగు కళ్లకద్దుకోవడం లేదు.

మొన్న ఆమె నన్ను ఒక్కటి అడిగింది. ఊళ్లో ఉన్న బిడ్డ ఫోను చేసినప్పుడల్లా, నాయినను మట్టి చేసిననాడు ఎవరెవరున్నారని అడుగుతుందట. “రాసియ్యి బావా, దానికి పంపుదం. ఒగ్గర్ని గూడ ఇడ్సిపెట్టకు,” అంది. రాస్తున్నాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: నా తమ్ముడు. నా మరదలు. నేను. వ్యాను నడిపినాయన, బండి దగ్గరే నిలబడ్డాడు. తెల్ల తొడుగుల్లో మోసుకొచ్చినవాళ్లు ఇద్దరు. మొహాలు చూడలేదు, ఒకాయన నడకను బట్టి వయసైనవాడు. గొయ్యి తవ్విన ఒడియా మనిషి. గేటు దగ్గర రాసుకున్న గుజరాతీ ముసలాయన. లోపలికి రాలేదు గానీ మన్ను వేసేటప్పుడు లేచి నిలబడ్డాడు. ప్రభువు ఉన్నాడని రాయనా అని మరదలిని అడిగాను. “ఉన్నడు. ఏం మాట్లాడలె. గట్లనే రాయి,” అంది. ప్రభువు ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు.