సైరనుకు లాగిన గీత

నాయుడుపేట రొయ్యల ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన అక్క, ఎవరేం చెప్పినా గాల్లో వేలితో గీత గీసి "ఈడ్నించి యాడికి?" అని అడిగేది. కంప్యూటర్లో ఒక్కో సెన్సారుకూ, ఒక్కో ఫోనుకూ ఒక డబ్బా బొమ్మ ఉంటుంది; రెంటి మధ్య గీత లాగితే ఇక్కడి కబురు అక్కడికి వెళ్తుంది. అలా కలపడమే ఆమె పని.

రొయ్యల్ని గడ్డకట్టించే మిషన్లలోని అమ్మోనియా గ్యాస్ లీకైతే మేనేజరు ఫోనుకే మెసేజ్ వెళ్లాలన్నారు పైవాళ్లు. అక్క, ఆడవాళ్లు రొయ్యలు ఒలిచే హాల్లోని సైరనుకూ ఒక గీత లాగింది.

"సైరన్ మోగితే పని ఆగిపోతాదమ్మా. ఆ గీత తీసెయ్" అన్నాడు మేనేజరు.

అక్క లేచి, కుర్చీ ఆయన వైపు తోసింది. "ఆ గాలి పీల్చేది ఆడోళ్లు సార్. వాళ్లను పిలుస్తా, వాళ్ల ముందర మీరే తీసేయండి."

ఆయన కూర్చోలేదు. నెల తిరక్కుండా అక్కను పనిలోంచి తీసేశారు.

ఆమె పని నాకిచ్చి, ముందు ఆ గీత తీయమన్నాడు మేనేజరు. నేను లేచి, కుర్చీ ఆయన వైపు తోశాను.