మౌనిక కోసం కాచిన కుంకుడు రసం

హాస్టల్ బాత్రూం జాలీలో రోజూ పొద్దున చిక్కుకునే నా జుట్టును చూసి చూసి ఈ ప్రయాణం పెట్టుకున్నాను. కూకట్‌పల్లి బోరు నీళ్లు, వాటి మీద నేను ఖాళీ చేసిన రకరకాల సీసాలు కలిసి నా జడను చిటికెన వేలంత చేశాయి. ఉల్లిపాయ షాంపూ అయింది, బియ్యం కడుగు షాంపూ అయింది, ముందువైపు ఆకుపచ్చ రంగులో 'ప్రకృతి' అని రాసి వెనకవైపు కంటికి ఆనని అక్షరాల్లో అసలు సంగతి రాసే షాంపూ కూడా అయింది. ఫోన్లో చిట్కాలు చెప్పే అమ్మాయిల మీదా నమ్మకం పోయింది. వాళ్ల జుట్టు వీడియో మొదట్లోనే బాగుంటుంది, చివర్లో కూడా అంతే బాగుంటుంది. మధ్యలో పూసిన గిన్నెడు ముద్ద ఏం చేసిందో ఎవరూ చెప్పరు.

మా రూమ్మేట్‌ది మెదక్. పోయిన నెల ఇంటి నుంచి వస్తూ ఒక తలంటు పొడి తెచ్చింది. దాని మీద పేరు లేదు, బొమ్మ లేదు, మాటల్లేవు. కొన్నిసార్లు వాడేసరికి దువ్వెనకు వచ్చే జుట్టు తగ్గినట్టనిపించింది. చేసేది ఎవరని అడిగి, నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఆమెను ఇక్కడ అనసూయమ్మ అంటాను, ఈ పోస్టులో పేర్లన్నీ మార్చాను. వచ్చి చూడొచ్చా, వీడియో తీసుకోవచ్చా అని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి, శనివారమైతే రమ్మంది. ఆదివారం నాకు సెలవని చెబితే, "ఆయితారం వద్దు బిడ్డా, శనివారమే రా, పొద్దుగాల్నే రా," అని గట్టిగా చెప్పింది. శనివారం కుంకుళ్లు ఉడికించే రోజేమో అనుకున్నాను.

మెదక్‌కు జూబ్లీ బస్టాండ్ నుంచి బస్సులున్నాయి. కూకట్‌పల్లి వైపు ఉండేవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు, బాలానగర్‌లో నర్సాపూర్ మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. అయితే ఆ టికెట్‌తో పాటు సీటు రాదు. నర్సాపూర్ దాకా నిలబడే వెళ్లాను. అడవి మొదలయ్యాక ఒక కిటికీ సీటు దొరికింది. రోడ్డు పక్కన కోతులు, వాటికి బిస్కెట్లు విసిరే కార్లవాళ్లు. నా పక్కన ఒక కుటుంబం ఏడుపాయల గుడికి పోతోంది, పిల్లవాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి. వాళ్ల ముందు సీట్లోవాళ్లు కూడా మొక్కు తీర్చుకోవడానికే. బస్సులో ఇంతమంది జుట్టు ఇచ్చి రావడానికి పోతుంటే నేనొక్కదాన్ని ఉన్నది నిలబెట్టుకోవడానికి పోతున్నాను. కుల్చారం దగ్గర వాళ్లందరూ దిగిపోయాక బస్సు సగం ఖాళీ అయింది. బాలానగర్‌లో ఏడింటికి ఎక్కితే పదికి కాస్త ముందు మెదక్‌లో దిగాను. కాచిగూడ నుంచి రైలు కూడా ఉంది, కానీ ఒక్క రోజులో పోయి వచ్చేవాళ్లకు బస్సే నయం.

బస్టాండ్ బయట ఆటో అతనికి తలంటు పొడి చేసే ఆమె ఇల్లు అనగానే ఎక్కమన్నాడు. ఖిల్లా వెనకకు యాభై రూపాయలు. తన ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లని, ఒకప్పుడు బాత్రూంలో షాంపూ ప్యాకెట్లు తోరణం కట్టినట్టు వేలాడేవని, ఇప్పుడు ఆమె పొడే వాడుతున్నారని దారంతా చెప్పాడు. చివరి మలుపులో వెనక్కి తిరిగి, "పెండ్లికి గింత ఉత్తగ పోతున్నవేంది అక్కా, గిఫ్టు ఏం లేదా?" అన్నాడు. ఎవరి పెళ్లి అని అడిగాను. "గామె బిడ్డది. రేపు మైలపోలు, ఎల్లుండి పెండ్లి. తెల్వకుంటనే వస్తున్నవా?"

మైలపోలంటే పెళ్లికి ముందు ముత్తైదువలు పిల్లకు నలుగు పెట్టి, నూనె అంటి, తలకు పోసే వేడుక. ఆటో దిగేసరికి ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. పెళ్లింట్లోకి ఫోను స్టాండు పట్టుకుని దిగిన నాకు వెనక్కి వెళ్లిపోదామనిపించింది. అనసూయమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. నలభై అయిదేళ్లు ఉంటాయేమో, బక్కగా, చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. నుదుట బొట్టు లేదు. ముందే చెప్పి ఉంటే వచ్చేదాన్ని కాదని అన్నాను.

"గందుకే చెప్పలే," అంది నవ్వుతూ.

వెనక దొడ్లో మూడు రాళ్ల పొయ్యి మీద కాగులో నీళ్లు మరుగుతున్నాయి. పక్కన ఇంకో గిన్నెలో కుంకుడు రసం. పుల్లటి, కొంచెం మత్తుగా ఉండే ఆ వాసన దొడ్డంతా నిండిపోయింది. మీలో ఇంట్లో చేసుకుందామనుకునే వాళ్ల కోసం ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. కుంకుడుకాయల్ని రాయితో పగలగొట్టి నల్ల గింజ తీసేయాలి. పెంకులు రాత్రంతా నానాలి. పొద్దున ఆ నీళ్లతోనే మందారాకులు, గుప్పెడు మెంతులు వేసి సన్నటి మంట మీద ఉడికించి, చల్లారాక పిసికి, పాత నూలు చీర ముక్కలో వడకట్టాలి. శీకాయ పొడి చివరన కలపాలి. అమ్మే పొడికైతే ఇవన్నీ, వాటితో పాటు ఉసిరి, గుంటగలగరాకు నీడలో ఎండబెట్టి గిర్నీలో పట్టిస్తుంది. గిర్నీలో మిరపకాయలు పట్టిన రోజు మాత్రం ఆ దిక్కుకు పోవద్దని, ఒకసారి పోతే వాడకట్టు మొత్తం నెత్తి పట్టుకుని తిట్టిందని చెప్పింది.

చెబుతూనే ఆమె సర్దుతున్నవి చూశాను. ఒక కొత్త తువ్వాలు, అంచు మడత కూడా విప్పలేదు. మందార పువ్వులు వేసి కాచిన నువ్వుల నూనె ఒక ఇత్తడి గిన్నెలో. కడిగి ఆరబెట్టిన పీట. పసుపు పెట్టలేదు, ముగ్గు వేయలేదు. వీడియోకు చూపించడానికి దోసెడు రసం చాలు. ఆమె వడకట్టింది మోకాళ్ల దాకా ఉండే జడకు సరిపోయేంత.

కూతురు మౌనికను అప్పుడు పిలిచింది. "బిడ్డా, జర ఇటు రా. ఈ అక్కకు చూపియ్యాలె. నీకు తలకు పోస్త."

పాత నైటీ, చేతులకు ఎర్రగా పండిన గోరింటాకు, జుట్టు కొప్పు పెట్టి వచ్చింది మౌనిక. బీటెక్ చదివి గచ్చిబౌలిలో పని చేస్తోంది. నాలాగే లాప్‌టాప్ బ్యాగు మోసే పిల్ల. కొప్పు విప్పితే జుట్టు మోకాళ్ల దాకా జారింది. పీట దగ్గర ఆగి మేనత్త కోసం చూసింది. మేనత్త సుజాత, అనసూయమ్మ ఆడబిడ్డ, అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రేపు మైలపోలు పెట్టుకోని ఇయ్యాల నువ్వు పోస్తవా వదినె?"

"మైలపోలు గాదు సుజాతా. మామూలు తానమే. ఈ పిల్ల వీడియో తీసుకుంటది."

"మామూలు తానమైతే గిన్ని నీళ్లెందుకు? కొత్త తువ్వాలెందుకు? నాకు తెల్వదా?"

శనివారమే రమ్మని ఎందుకు పట్టుబట్టిందో నాకప్పుడు అర్థమైంది. రేపు ఈ పీటకు పసుపు పెట్టి పందిట్లోకి తీసుకుపోతారు. సుజాత మొదటి నూనె చుక్క పెడుతుంది, మిగతా ముత్తైదువలు ఒకరి తర్వాత ఒకరు. పొడి, నూనె, రసం అన్నీ చేసిన మనిషి, భర్త లేడు కాబట్టి, లోపల తలుపు వెనక ఉంటుంది. ఆయన పోయి ఆరేళ్లయింది. కూతురి తల మీద పెళ్లికి ముందు ఆఖరుసారి చెయ్యి పెట్టడానికి ఆమెకొక సాకు కావాలి. ఆ సాకు నేను, నా ఫోను.

సుజాతను రాక్షసిని చేసి రాయడం సులువు. కానీ ఆమె అన్న మాట కూడా రాయాలి. "పోయినోడు నాకు అన్న గాదా? నాకు లేదా బాధ? రేపు పిల్లకేమన్న అయితే నలుగురు నిన్నే అంటరు," అంది.

అందరం మౌనిక వైపు చూశాం. చదువుకున్న పిల్ల, ఒక్క మాటతో కూర్చుండిపోతుందని నేను ఎదురుచూశాను. మౌనిక నా స్టాండు వైపు చూసింది.

"నాకేం పట్టింపు లేదమ్మా. గాని వీడియో అందరు చూస్తరు గదా. అత్తగారోళ్లు చూస్తే మంచిగుండది."

నేను ఫోను తీసి బ్యాగులో పెట్టేశాను, స్టాండు మడిచేశాను. నాకు వీడియో వద్దని, అసలు తీయనని చెప్పాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. కానీ ఆ పిల్లకు మిగిలిన ఒక్క మర్యాదైన కారణాన్ని నేనే చేతిలోంచి లాగేశానని తర్వాత తెలిసింది. ఇక అసలు మాట చెప్పక తప్పలేదు.

"నాకు భయమైతుంది అమ్మా," అంది మౌనిక. నేలను చూస్తూ, చాలా మెల్లగా. "పెండ్లయినంక పోసుకుంట. జర ఏమనుకోకు."

పందిరి వైపు ఎవరో గుంజ మీద కొడుతున్నారు. అనసూయమ్మ కాసేపు కూతురి జుట్టునే చూసింది. "ఏమనుకుంట బిడ్డా. నువ్వు మంచిగుండాలె గంతే," అంది. సుజాత పిల్ల భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నేను బ్యాగు తీసుకుని లేవబోతుంటే అనసూయమ్మ పీటను కాలితో నా వైపు జరిపింది.

"నువ్వు కూసో. నీళ్లు సల్లారుతయ్."

వద్దనలేకపోయాను. చిటికెన వేలంత జడ విప్పి, మోకాళ్ల దాకా జుట్టున్న పిల్ల కోసం కడిగిన పీట మీద కూర్చున్నాను. గోరువెచ్చటి నూనెను ఆమె నా మాడు మీద పోసి అరచేత్తో అద్దింది. వేళ్లు చెవుల వెనక నుంచి పైకి, మెడ నుంచి పైకి, తొందర లేకుండా తిరిగాయి. తర్వాత రసం. నురుగు షాంపూలాగా పొంగదు, పలచగా, తెల్లగా పాకుతుంది. కొంచెం కంట్లో పడి నేను మూలిగితే నోట్లో ఇంత ఉప్పు వేసి, చప్పరించు, మంట పోతదని చెప్పింది. అది పోయిందో లేదో గానీ నా కళ్లు నీళ్లు కారడానికి అందరికీ తెలిసిన కారణం ఒకటి దొరికింది. ఆమె కళ్లకు అదీ లేదు. నేను తల వంచుకుని ఉన్నాను కాబట్టి చూడలేదు. ఒక చెంబుకూ ఇంకో చెంబుకూ మధ్య ఆమె ఆగుతున్నది మాత్రం వినపడింది. రసం అయిపోయేదాకా పోసింది, నా జుట్టుకు ఎప్పుడో చాలినా పోసింది. చివరకు ఆ కొత్త తువ్వాలు మడత విప్పి నా తలకు చుట్టింది.

నిప్పుల మీద సాంబ్రాణి వేసి జుట్టు ఆరబెట్టుకున్నాక రెండు పొట్లాలు కావాలని అడిగాను. డబ్బాలోంచి తీసి చేతిలోకి ఇవ్వబోతూ, "నీకా, పెండ్లికా?" అంది. ఒకటి నాకు, ఒకటి మా ఆఫీసులో అమ్మాయి చెల్లి పెళ్లికి అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. రెండోది గట్టు మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, లోపలికి చూసి కూతుర్ని పిలిచింది. పెండ్లిపిల్లకు పొయ్యేది తన చేతులతో ఇయ్యనని చెప్పింది, నేను అడగకపోయినా.

మౌనిక వచ్చి గట్టు మీది పొట్లం తీసి నాకు ఇచ్చింది. పోబోతూ ఆగి, నా జుట్టు కొసలు రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. "మెత్తగైనయ్," అంది. వాళ్లమ్మ అప్పటికి కాగు బోర్లిస్తోంది.

మూడు గంటల బస్సుకు తిరిగి వచ్చాను. నా జుట్టు ఇంతకు ముందెప్పుడూ ఇంత మెత్తగా లేదు. ఆఫీసులో ఏం వాడుతున్నావని అడుగుతున్నారు, మెదక్ పొడి అని చెబుతున్నాను. అంతకు మించి చెప్పాలంటే నోరు రావడం లేదు. ఆ రోజు బస్సులో మౌనిక మీద కోపంతో కూర్చున్నాను. ఇంజినీరింగ్ చదివి, మనలాగే సంపాదించుకుంటూ, తన తల్లి చెయ్యి తగిలితే కీడు అనుకుంటుందా అని. నర్సాపూర్ దాటేసరికి కోపం తిరిగి నా దగ్గరికే వచ్చింది. నా పెళ్లయితే, మా అమ్మ ఆ స్థితిలో ఉంటే, నేను పీట మీద కూర్చునేదాన్నేనా? కూర్చుంటాననే అనుకుంటున్నాను. మౌనిక కూడా శుక్రవారం దాకా అలాగే అనుకుని ఉంటుంది. నమ్మకం లేనివాళ్లకు కూడా భయం ఉంటుందని, ఆ భయానికి చదువుతో పని లేదని, అది కన్నతల్లి ముఖం మీదే మర్యాదగా, ఏమనుకోకు అంటూ బయటికొస్తుందని చూసి వచ్చాను.

మెదక్ పోయేవాళ్లకు ఒక సూచన. ఆమె పేరు మీకు అక్కర్లేదు, బస్టాండ్ దగ్గర ఆటోవాళ్లకు తలంటు పొడి అంటే చాలు. పొట్లం ఇచ్చే ముందు, నీకా, పెండ్లికా అని అడుగుతుంది. ఎవరి పెళ్లికి కొంటున్నా సరే, నాకే అని చెప్పి ఆమె చేతి నుంచి తీసుకోండి.