గోరింటాకు కాదు

ఓక్‌విల్ నుంచి శేఖర్ గారు పంపిన పుస్తకం కవరు చించగానే కొత్త అచ్చు వాసన వచ్చింది. రావలసింది పొగాకు వాసన. మా ఊరి మునిసిపాలిటీకి మొట్టమొదటి చైర్మన్, ఊరి చుట్టూ ఉన్న పొగాకు తోటలకు ఆసామి అయిన తన తాతగారి జీవితచరిత్ర వేయించారాయన. ఇక్కడ కెనడాలోనే, గ్వెల్ఫ్‌లో మా వంటింటి బల్ల దగ్గర, మొదటి ఫొటో వచ్చేదాకా తిప్పి ఆగిపోయాను.

మాఘమాసంలో మా ఊరు పచ్చాకు వాసనతో నిద్రలేచేది. తోటల్లో కోసిన ఆకును బండ్లమీద తెచ్చి, దాన్ని పొయ్యి వేడికి ఎండబెట్టే బ్యారన్ కొట్టు ముందు పోస్తే, అమ్మా మరో ఇరవై మంది ఆడవాళ్లూ పందిరి కింద బారుగా కూర్చుని, పాడుకుంటూ, ఒకరినొకరు దెప్పుకుంటూ పురికొసతో కర్రలకు కట్టేవాళ్లు. మేం పిల్లలం పొయ్యి బూడిదలో చిలగడదుంపలు కాల్చుకునేవాళ్లం. పొద్దుగూకేసరికి ఆకుజిగురు అమ్మ చేతులకు తారులా పేరుకునేది. చింతపండుతో రుద్దినా పోదు. అన్నం కలిపితే చేదు. ఆకు కోతలు సాగే రెండు నెలలూ నాకు అమ్మ చేతి ముద్ద లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు చైర్మన్ గారు మా వీధికి కుళాయి వేయించారు. మంచి పనే, కాదనను. మామిడాకుల తోరణాలు, అందరికీ పులిహోర, పట్నం నుంచి ఫొటోగ్రాఫరు. మొదటి బిందె తన తోట మనిషే పట్టాలని ఆయనే అమ్మను పిలిపించారు. పసుపు రాసిన బిందె కింద పెట్టి అమ్మ కుళాయి తిప్పబోయింది.

"ఆగవే! ఆ జిగురు చేతుల్తో కొత్త కుళాయి ముట్టుకుంటావా?"

"జిగురు తమ తోటదేనండి బాబూ," అంది అమ్మ.

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. కుళాయి తనే తిప్పి, ఫొటో కోసం అమ్మను దణ్ణం పెట్టమన్నారు. పెట్టింది. మర్నాటి నుంచి అమ్మకు ఆ బ్యారన్‌లో పని లేదు. ఆ ఏడంతా పనికి పక్క ఊరికి నడిచింది. అరవై ఏళ్లయినా ఆయన 'ఆగవే' అన్న గొంతు నాకు గుర్తే.

ఈ ఫొటో అదే. కింద ఇలా వేశారు: "చేతుల నిండా గోరింటాకుతో చైర్మన్ గారికి కృతజ్ఞతలు తెలుపుతున్న గృహిణి."

వెంటనే ఫోన్ చేశాను.

"శేఖర్ గారూ, అది గోరింటాకు కాదండీ, మీ పొగాకు జిగురు. ఆవిడ మా అమ్మ."

"అయ్యో ఆంటీ, బ్లాక్ అండ్ వైట్ కదా, మెహందీ అనుకున్నా. ప్రింట్ అయిపోయింది, అందరికీ షిప్ చేసేశా. నెక్స్ట్ ఎడిషన్‌లో చూద్దాం."

"అదెప్పుడు?"

"డిమాండ్ ఉంటే, ఆంటీ."

మూడుసార్లు మెయిల్ పెట్టాను. జవాబుగా ఒక దణ్ణం బొమ్మ వచ్చింది.

ఆ తోటలిప్పుడు ఇళ్ల స్థలాలు. బ్యారన్లు కూల్చేశారు, ఆ కుళాయీ లేదు, పందిరి కింద పాడిన వాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. పుస్తకం అవతల పారేద్దామంటే, అమ్మకు ఇది తప్ప మరో ఫొటో లేదు. ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, 'పొగాకు జిగురు' అని రాశాను, నా ఒక్క కాపీలో.

తెలుగు చదవడం రాని మా మనవరాలు నా భుజం మీదుగా వంగి చూసింది.

"వావ్ అమ్మమ్మా, ప్రెట్టీ మెహందీ! హూ ఈజ్ షీ?"

చెబుదామని కళ్లజోడు తీసేలోగా ఫోన్‌తో ఫొటో తీసి, తన స్నేహితురాళ్లకు పంపేసింది.