అమ్మమ్మ నోట రాని ప్రశ్న

మా అమ్మమ్మ కొత్తవాళ్ళను చూస్తే ముందు ముఖం చూడదు, ఛాతీ వెడల్పు చూస్తుంది. ఎక్స్‌రే తీయాలంటే పెద్ద ఫిలిం కావాలా, చిన్నది సరిపోతుందా అని ఆవిడ లెక్క. మా పక్కింట్లోకి ఒక మాస్టారు అద్దెకు దిగినప్పుడు, "మనిషి ఎలాంటివాడే?" అని అమ్మ అడిగింది. "కుడి భుజం కాస్త కిందికి ఉంది. సరిచేసి నిలబెట్టాలి" అంది అమ్మమ్మ. మాస్టారి గుణగణాల గురించి మా ఇంట్లో ఇప్పటికీ అంతకుమించి తెలియదు.

ఆసుపత్రిలో ఆవిడ మొదట నేల తుడిచే పనికి చేరింది. ఎక్స్‌రే గదిలో ఉండే ముసలి టెక్నీషియన్‌కు చీకట్లో ఫిలిములు కడిగే మనిషి కావలసి వచ్చింది. చీకటికి భయపడనిది అమ్మమ్మ ఒక్కతే. ఫిలిములు కడుగుతూ కడుగుతూ రోగిని నిలబెట్టడం నేర్చుకుంది, ఆ తర్వాత మీట నొక్కడం నేర్చుకుంది. ముసలాయన రిటైరయ్యాక ఆ గది ఆవిడదే అయింది. గది అంటే అలాంటిలాంటిది కాదు. కిరణాలు తగలకుండా తొడుక్కునే అక్కడి సీసపు ఏప్రన్లను మా ఇంటి దుప్పట్ల కన్నా శ్రద్ధగా తగిలిస్తుంది. మడత పెడితే లోపల పగుళ్ళు వస్తాయట. మా దుప్పట్లకు రావు కాబట్టి వాటి గతి అంతే.

అంతా సవ్యంగా ఉండగా ఒకరోజు సూపరింటెండెంటు ఆవిడను పిలిచి, ఇకమీదట రాష్ట్రం ఇచ్చే లైసెన్సు లేనిదే ఎవరూ మీట నొక్కకూడదని చెప్పాడు. పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే సరే, లేకపోతే లైసెన్సున్న మనిషి వస్తారు. "మీకేం ఫరవాలేదమ్మా, పాత పని ఎటూ ఉంది" అని ఓదార్చాడట.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుంది అమ్మమ్మ. "తుడవడం నాకేం నామోషీ కాదు. కానీ నా గదిలో ఇంకొకళ్ళు బొమ్మలు తీస్తుంటే, వాళ్ళ కాళ్ళు పైకెత్తమని నేను తుడవాలా?"

అమ్మ నా వైపు చూసింది. "ఇది ఖాళీగానే ఉందిగా, చదివి పెడుతుంది."

నా చదువు సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో నాకూ బడికీ చెడింది. తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు. ప్రస్తుతం టైలరు దగ్గర గుండీలు కుడుతున్నాను. అమ్మ నాకు పెట్టిన బిరుదులన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: ఒట్టి దద్దమ్మ, ఒట్టి సోమరి, ఒట్టి వాగుడుకాయ. అలాంటి నేను మా ఇంట్లో పంతులమ్మనయ్యాను.

అమ్మమ్మకు పుస్తకంలోని చిన్న అక్షరాలు కనబడవు. నేను చదివేది నాకు అర్థం కాదు. ఆవిడకు అర్థమయ్యే మాటలకేమో నాకు నోరు తిరగదు. ఒక ఎముక పేరు నేను మూడు రకాలుగా పలికితే, "మూడు ఎముకలు కావే అది, ఒకటే" అని తన మెడ కింద వేలు పెట్టి చూపించేది. అలాగే ఏడుస్తూ నవ్వుతూ రాత పరీక్ష గట్టెక్కింది. ఆవిడ పాసైందని అందరూ ఆవిడనే మెచ్చుకున్నారు. పంతులమ్మను ఎవరూ పట్టించుకోలేదు.

ఇక మిగిలింది చేసి చూపించే పరీక్ష. రోగిగా నిలబడడానికి ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. కిరణాలేవీ వదలరు, బొమ్మ తీస్తున్నట్టే అన్నీ చేయాలి. మా ఇంట్లో పనీపాటా లేకుండా నిలబడగలిగేది నేనే కనుక పోటీ లేకుండా ఎంపికయ్యాను.

మా బీరువా తలుపే ఎక్స్‌రే స్టాండు. "గడ్డం పైకెత్తు. చేతులు నడుం మీద. భుజాలు ముందుకు. గాలి పీల్చు. బిగబట్టు." అని వంటింటి వైపు పరిగెత్తి, మీట నొక్కినట్టు గోడ మీద నొక్కేది. ఒక్కోసారి పొయ్యి మీద పాలు చూసి "వదులు" అనడం మరిచిపోయేది. నేను బీరువాకు అతుక్కుని నీలిరంగులోకి తిరిగేదాన్ని.

అంతా బాగానే ఉంది, ఒక్క ప్రశ్న తప్ప. ఆడమనిషికి ఎక్స్‌రే తీసేముందు కడుపుతో ఉందేమో అడిగి తీరాలి. లోపలి బిడ్డకు కిరణాలు తగలకూడదు. అడగకపోతే మిగతావన్నీ ఎంత బాగా చేసినా పరీక్ష పోయినట్టే. ఆసుపత్రిలో అమ్మమ్మ ఎవరినీ వదలదు, "కడుపుతో ఉన్నావా తల్లీ?" అని మొహమాటం లేకుండా అడుగుతుంది. నా దగ్గరకొచ్చేసరికి మాత్రం నాలుక పెగలదు.

"అడిగాననుకో" అనేది.

"ఎలా అనుకోను? అక్కడ అడక్కపోతే తుడుపుకర్రే."

"పెళ్ళికాని పిల్లను పట్టుకుని ఆ మాట ఎలా అనేదే? అక్కడ అడుగుతాలే."

పరీక్ష రోజు గదిలో ఇద్దరున్నారు: ఒక బట్టతల డాక్టరు, ఒక సీనియర్ టెక్నీషియనమ్మ. అమ్మమ్మ నా మెడలోని గొలుసు తీయించింది, జడ పైకి ముడి వేసింది, స్టాండు ఎత్తు సరిచేసింది. నేను గోడవైపు తిరిగి గడ్డం ఆనించాను. కిరణాలు ఎక్కడ పడతాయో చూపించే దీపం వెలుగు నా వీపు మీద పడింది. ప్రశ్న ఇంకా రాలేదు. అయిపోయింది, రేపట్నుంచి ఈవిడ తుడుపుకర్ర పట్టుకోవాల్సిందే అనుకున్నాను. రోగి మాట్లాడకూడదు కాబట్టి బీరువా ముందు నిలబడినట్టే బుద్ధిగా నిలబడ్డాను.

అప్పుడు వెనకనుంచి నెమ్మదిగా వినబడింది. "అమ్మాయీ, నువ్వు ఒట్టిమనిషివేనా?"

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో అమ్మ అనేది చాలక, ఊళ్ళోవాళ్ళ ముందు ఈవిడ కూడానా? ఇన్నాళ్ళూ కూర్చుని చదివిపెట్టింది ఎవరు? ఊపిరి బిగబట్టింది ఎవరు?

"కాదు" అన్నాను, స్టాండుకేసి తల ఎగరేసి. "నేనేం ఒట్టిమనిషిని కాను."

వీపు మీద దీపం ఆరిపోయింది. అమ్మమ్మ చెయ్యి నా భుజం మీద పడింది, చల్లగా ఉంది.

"అయ్యా, ఈ పిల్లకు నేను తీయను" అంది. "ముందు డాక్టరుగారు చూడాలి."

"మీకేమవుతుందమ్మా ఈ అమ్మాయి?" అన్నాడు బట్టతలాయన.

"మనవరాలండి."

"పెళ్ళయిందా?"

"లేదండి." అంది అమ్మమ్మ. "అయినా సరే, తీయనండి. తీయకపోతే పరీక్ష పోతుందంటే పోనీండి."

నాకేమీ అర్థం కాలేదు. "నేను కదల్లేదుగా అమ్మమ్మా" అన్నాను.

టెక్నీషియనమ్మ నన్ను పక్కకు తీసుకెళ్ళి, ఒట్టిమనిషి కాదంటే ఏమిటో చెవిలో చెప్పింది. తొమ్మిదో తరగతి వరకు ఆ పాఠం రాలేదు. పనికిమాలినదాన్ని కాను, గుండీలు కుడతాను అనే అర్థంలో అన్నానే తప్ప ఇంకేమీ కాదని గదిలో అందరికీ, విననివాళ్ళకు రెండోసారి కూడా విన్నవించుకున్నాను. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆపలేదు.

"మళ్ళీ మొదట్నుంచి చేయండమ్మా" అంది టెక్నీషియనమ్మ. "ఈసారి మామూలు మాటల్లో అడగండి."

అమ్మమ్మ కళ్ళు మూసుకుని అడిగింది. నేను లేదన్నాను. తర్వాతంతా బీరువా ముందు చేసినట్టే జరిగింది. "వదులు" అనడం కూడా మరిచిపోలేదు. బయటికి వస్తుంటే టెక్నీషియనమ్మ గుమ్మం దాకా వచ్చింది. "పాసయ్యారు. లైసెన్సు ఇంటికి వస్తుంది. కాదనగానే దీపం ఆర్పేశారు చూడండి, అక్కడే పాసయ్యారు."

బస్సులో అమ్మమ్మ కిటికీవైపు కూర్చుంది. పాసైనందుకు సంతోషపడుతుందేమో, గదిని తలుచుకుంటుందేమో అనుకున్నాను. సగం దూరం వెళ్ళాక నా చెవి దగ్గరకు వంగింది.

"నిజంగా ఒట్టిమనిషివేగా?"

"ఒట్టిమనిషినే అమ్మమ్మా" అన్నాను. "ఇంత ఒట్టిమనిషి ఈ బస్సులో ఇంకొకళ్ళు లేరు."

అప్పుడు వదిలింది ఊపిరి.