దావీదు మేస్త్రి తీసిన రాయి

మా ఎదురింటివాళ్లు గోడలకు సున్నం వేయిస్తున్నారు. పొద్దున్నే తొట్టిలో రాతి సున్నం పోసి నీళ్లు గుమ్మరించారు. అది బుసబుసమని ఉడుకుతుంటే లేచిన ఘాటు కిటికీలోంచి వచ్చి ముక్కు మండించింది. మా ఆవిడ కిటికీ మూయబోతే వద్దన్నాను. కరీంనగర్‌లో ఇప్పుడు అందరూ డబ్బాల్లో వచ్చే రంగులే పూస్తున్నారు, ఈ వాసన దొరకడమే అరుదు. నాకు ఈ వాసన అంటే దావీదు మేస్త్రి. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకుండా దాటవేసిన ఏళ్లే చాలా ఉన్నాయి, ఇక చాలు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. మెట్‌పల్లిలో మగ్గం మీద బతికే ఇంట్లో పుట్టి, ఓవర్సీర్ చదువు పూర్తి చేసి, ఆసిఫాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పుస్తకంలో లేనిది లోకంలోనే లేదనుకునే వయసు. ఆ ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున భూమి కదిలింది. నా గదిలో చెంబు దొర్లింది, అంతే. కానీ ఆరేడు మైళ్ల దూరంలో ఒక పల్లెలో చర్చి గంట గోపురం మొత్తం కూలిపోయింది. ప్రార్థన ముగిసి జనం బయటికి వస్తున్న వేళ. ఒక ముసలమ్మ, ఆరేళ్ల పాప రాళ్ల కింద పడి చనిపోయారు. పాప పేరు మరియ. దావీదు మేస్త్రి కూతురు శాంతమ్మకు ఒక్కతే బిడ్డ. వారం తిరక్కుండానే ఆ చర్చి పాస్టరు నా దగ్గరికి వచ్చి, మళ్లీ కట్టే పని ఆదివారాలు వచ్చి చూసిపెట్టమని అడిగాడు. పెద్ద ఇంజనీరులా తలూపాను.

నేను వెళ్లేసరికి మేస్త్రి ఆ రాళ్ల కుప్ప పక్కనే కూర్చుని, ఒక్కో రాయికీ అంటుకున్న పాత సున్నాన్ని ఉలితో గీకుతున్నాడు. అరవై ఏళ్ల మనిషి, ఎండిన చేతులు. మనవరాలిని చంపిన రాళ్లను అంత నెమ్మదిగా ఎలా పట్టుకోగలుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని, సున్నం నాసిరకంది అయి ఉంటుందన్నాను.

"సున్నాన్ని అనకుండ్రి సారూ. సున్నం మంచిదే. గీ గోడను చూడుండ్రి," అని నిలబడి ఉన్న చర్చి గోడను చూపించాడు. గోపురం ఆనుకుని ఉన్న చోట ఆ గోడ అద్దంలా నున్నగా ఉంది. ఒక్క రాయి విరగలేదు, ఒక్క రాయి ఊడలేదు. "విరిగిన గోడ గిట్ల ఉంటదా?"

అప్పుడు చెప్పాడు. ఆయన తాత కాలంలో అక్కడ గడ్డి కప్పిన పాక ఉండేది. తండ్రి కాలంలో రాతి గోడలు లేచాయి. సంఘంలో ప్రతి ఇల్లూ వాగు దగ్గర్నుంచి ఒక రాయి మోసుకొచ్చి, దాని మీద తమ గుర్తు చెక్కుకుంది. ఒకరిది నాగలి, ఒకరిది చేప, ఒకరిది చెప్పులు కుట్టే కత్తి. చాలా ఏళ్లకు విదేశం నుంచి ఓడలో చర్చికి ఒక గంట వచ్చింది. దాన్ని పెట్టడానికి చోటు లేక, జనం వచ్చిపోయే పెద్ద దర్వాజ పక్కనే ఆ గోడకు ఆనించి గోపురం కట్టారు. రెండు కట్టడాలనూ కలిపే పొడుగు రాళ్లు ఒక్కటీ లేవు.

"మీది నేతిల్లు గదా సారూ. పడుగు ఒక దిక్కు, పేక ఒక దిక్కు ఉంటే బట్ట అయితదా?"

"ఇంత తెలివితక్కువగా ఎవరు కట్టారు?" అన్నాను.

"నేనే," అని మళ్లీ ఉలి అందుకున్నాడు.

పాపం, తెలియక చేశాడనుకున్నాను. ఆ తర్వాత రెండు నెలలూ ఆయన నాకు పని నేర్పుతుంటే, నేనే ఆయనకు నేర్పుతున్నానని భ్రమపడ్డాను. సున్నం ఎన్నాళ్లు నానాలో, గానుగలో ఎంత మెత్తబడాలో, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పేవాడు. నాకు సిమెంటు మోజు. తొందరపెడితే నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. "జర ఆగుండ్రి," అనేవాడు. అంతే.

పునాది పైకి వచ్చాక అసలు చిక్కు వచ్చింది. ఈసారి గోపురం చర్చి గోడను పట్టుకుని నిలవాలంటే, ప్రతి మూడో వరుసలో పాత రాయి తీసి, రెండింటిలోకీ దిగే పొడుగు రాయి పెట్టాలి. ఆ మాట చెప్పడానికి ప్రార్థన అయ్యాక సంఘ పెద్దలను కూర్చోబెట్టాం. యోహాను అనే పెద్దమనిషి లేచాడు. చనిపోయిన ముసలమ్మ ఆయన తల్లే.

"మా అవ్వ గీడనే పోయింది. ఇగ మా తాత మోసిన రాయి గూడ పీకుతరా? గడ్డపార పెడ్తె ఊకోం," అన్నాడు. అందరూ అవునంటే అవునన్నారు. పాస్టరు నా మొహం చూశాడు. సరే, రాళ్ల జోలికి పోకుండా ఇనుప పట్టీలతో ఏదో ఒకటి చేద్దామని నేను గొణిగాను. అవి నిలవవని నాకు తెలుసు. నలుగురి ముందు మాట పడటం ఇష్టం లేక అన్నాను.

అప్పుడు మేస్త్రి లేచాడు. "గోపురం కట్టినప్పుడు గూడ రాళ్లు తియ్యాలె అన్న. అప్పటి పెద్దమనుషులు వద్దన్నరు. పని ఇడిస్తె నా పేరు పోతదని, వేరే తీరుగ అతికిస్త అన్న. అతికియ్యలే. సందు మీద గచ్చు పూసి, అతికిందని చెప్పిన. అది నిలబడదని నాకు ఎర్కే."

చర్చి తలుపు దగ్గర నిలబడి ఉన్న శాంతమ్మ మెల్లగా ముందుకు వచ్చింది.

"నువ్వెప్పుడూ పెద్ద దర్వాజ ఇడిసి, పక్క దర్వాజ కెళ్లే లోపలికి వస్తుంటివి. గిందుకా బాపూ?"

ఆయన తల ఊపాడు.

"మరి పిల్లకు చెప్పకపోతివి," అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

మేస్త్రి బయటికి వెళ్లాడు. మేమూ వెళ్లాం. గోడలో తన తండ్రి చెక్కిన గుర్తు, రెండు గీతల మధ్య ఒక చుక్క, చేత్తో తడిమి వెతికాడు. ఉలి పెట్టి దెబ్బ మీద దెబ్బ వేశాడు. ఆ రాయి ఊడేసరికి పూట పట్టింది, వేళ్ల నుంచి నెత్తురు కారింది. ఎవరూ సాయం పట్టలేదు, ఎవరూ ఆపలేదు. నేనూ చూస్తూ నిలబడ్డాను. మర్నాటి నుంచి ఒక్కో ఇంటివాళ్లూ వచ్చి తమ రాయి తీయనిచ్చారు.

అలా ఆ గోపురం గట్టిగా లేచింది. కానీ సంఘ పెద్దలు మేస్త్రిని దాని మీద చేయి వేయనివ్వలేదు. మెట్‌పల్లి నుంచి వేరే మేస్త్రీలను పిలిపించారు. శాంతమ్మ తండ్రితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా భైంసాలోని అత్తగారింటికి వెళ్లిపోయింది. ఆయన రోజూ వచ్చి బాటకు అవతల ఎండలో కూర్చునేవాడు. నేను కనిపిస్తే "ఇయ్యాల పొడుగు రాయి పడ్డదా సారూ?" అని అడిగేవాడు. పడిందంటే లేచి ఇంటికి పోయేవాడు. గంట పైకెక్కకముందే, ఆ చలికాలం పోయాడు. కబురు పంపినా శాంతమ్మ రాలేదు.

సర్వీసులో ఎందరు ఒత్తిడి చేసినా బలం లేని గోడకు నేను సంతకం పెట్టలేదు. బదిలీలు అయ్యాయి, మొండివాడని పేరు వచ్చింది. అదంతా దావీదు మేస్త్రి చలవేనని అందరికీ చెప్పుకుంటాను. చెప్పుకోనిది ఒకటుంది. గోపురం ప్రతిష్ఠకు శిలాఫలకం మీద చెక్కించడానికి పేర్లు రాసిమ్మన్నారు. నేను రాసిన కాగితంలో ఆయన పేరు మొదట ఉంది. యోహాను చూసి, "గా పేరొద్దు సారూ," అన్నాడు. నేను సరేనని కొట్టేశాను. నా పేరు ఉంచుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత శాంతమ్మ ఆసిఫాబాద్‌లో మా ఆఫీసుకు వచ్చింది. చర్చికి వెళ్లి ఫలకం చదివి వచ్చానంది.

"మా బాపు పేరు లేదు. రాసింది మీరేనట."

"పెద్దలు వద్దన్నారమ్మా," అన్నాను.

"యోహాను మామ అవ్వ పోయింది, ఆయన వద్దన్నడు. నా బిడ్డ పోయింది, నేను మాట బంద్ జేసిన. మీకేం పోయింది సారూ?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.